వీసీ గారి జీతం అందరికీ తెలిస్తే ఏమవుతుంది?

ఇంగ్లండ్‌లో బాత్ అని ఒక ఊరుంది, రోమన్ల కాలం నాటి వేడినీళ్ల స్నానశాలలకి పేరు, కానీ 2017లో అక్కడి పేపర్లన్నిట్లో ఆ ఊరి పేరు మోగిపోయింది మాత్రం వేరే కారణానికి. బాత్ యూనివర్సిటీ వైస్ ఛాన్సలర్ డేమ్ గ్లినిస్ బ్రేక్‌వెల్ ఏడాదికి తీసుకునేది 4,68,000 పౌండ్లు, అంటే అప్పటి రేటులో మన డబ్బుల్లో దగ్గర దగ్గర 4 కోట్లు. బ్రిటన్ వీసీలందరిలో ఆవిడదే టాప్. ఆ దేశ ప్రధానికే అప్పుడు వచ్చేది లక్షన్నర పౌండ్ల చిల్లర. పైగా ఉండటానికి యూనివర్సిటీ ఇచ్చిన ఇల్లు, ఇంటి ఖర్చులు విడిగా, ఆ ఖర్చుల్లో 2 పౌండ్ల బిస్కెట్లు కూడా క్లెయిమ్ చేశారని తెలిసేసరికి జనానికి ఆ 4 లక్షల కంటే ఈ 2 పౌండ్లే ఎక్కువ మండింది. పెద్ద అంకె ఎవరి ఊహకీ అందదు, బిస్కెట్ రేటు మాత్రం అందరికీ తెలుసు కదా.

ఈ కథ చదివిన చాలామంది "చూశారా, దాచిపెట్టిన జీతం బయటపడేసరికి పదవి పోయింది" అనుకుంటారు, కానీ అసలు తమాషా ఏంటంటే ఆ జీతం ఎవరూ దాచలేదు. బ్రిటన్‌లో వీసీ జీతం ఎంతో యూనివర్సిటీ ఏటా వేసే అకౌంట్స్‌లో రాయాలి అన్న రూల్ 1990ల నుంచే ఉంది. బాత్ కూడా రాస్తూనే వచ్చింది. ఆవిడ 2001 నుంచి ఆ కుర్చీలో ఉన్నారు, ఏటా అంకె ప్రింట్ అవుతూనే ఉంది, ఏటా పెరుగుతూనే ఉంది, పేపర్లవాళ్లు ఏడాదికోసారి "టాప్ వీసీలు వీళ్లే" అని లిస్టు వేసి వదిలేసేవాళ్లు. మరి 2017లో ఏం మారింది?

మారింది ఏంటంటే, ఎంత అన్న ప్రశ్న పోయి "ఎవరు ఇచ్చారు" అన్న ప్రశ్న వచ్చింది. లార్డ్ ఆండ్రూ అడోనిస్ అని ఒకప్పటి లేబర్ మంత్రి, ట్యూషన్ ఫీజుల విధానం తెచ్చినవాళ్లలో ఆయనా ఒకరు (అందుకే ఆయన కోపం చూసి కొంతమంది నవ్వుకున్నారు కూడా), ఆయన యూనివర్సిటీలకి ప్రభుత్వ నిధులు పంచే సంస్థ అయిన హెఫ్సీకి కంప్లయింట్ చేశాడు. తవ్వితే తేలింది ఏంటంటే జీతాలు ఫిక్స్ చేసే రెమ్యూనరేషన్ కమిటీలో వీసీ గారు కూడా సభ్యురాలే. తన జీతం చర్చకి వచ్చినప్పుడు బయటికి వెళ్తారు, నిజమే, కానీ మిగతా సీనియర్ల జీతాలు డిసైడ్ చేసేటప్పుడు అదే టేబుల్ దగ్గర కూర్చుంటారు. ఇంకా ముదిరింది ఎక్కడంటే, యూనివర్సిటీ కోర్టు అని ఒకటుంటుంది, న్యాయస్థానం కాదు, ఊరి పెద్దలు, ఎంపీలు, పాత విద్యార్థులు, సిబ్బంది ఉండే పెద్ద సభ, ఆ సభలో "ఈ కమిటీ పని తీరులో పారదర్శకత లేదు" అని తీర్మానం పెడితే కొద్ది ఓట్ల తేడాతో వీగిపోయింది, ఆ ఓట్లేసిన వాళ్లలో వీసీ గారూ ఉన్నారు, కమిటీ సభ్యులూ ఉన్నారు. కోర్టు నుంచి నలుగురు ఎంపీలు రాజీనామా చేశారు. హెఫ్సీ రిపోర్టు ఆ మీటింగ్ నడిపిన తీరు తప్పని, యూనివర్సిటీ పరువు పోయిందని తేల్చింది.

2017 నవంబర్‌లో ఆవిడ దిగిపోతున్నట్టు ప్రకటన వచ్చింది. అక్కడితో చల్లారాల్సింది, కానీ ఆ ప్రకటన వెనకే ఇంకో రెండు విషయాలు వచ్చాయి: పదవి దిగాక 2019 ఫిబ్రవరి దాకా ఫుల్ జీతంతో సబాటికల్ సెలవు, యూనివర్సిటీ ఇచ్చిన 31 వేల పౌండ్ల పైచిలుకు వడ్డీలేని కార్ లోన్ మాఫీ. అదే ఏడాది బాత్‌లో మామూలు సిబ్బందికి వచ్చిన జీతం పెంపు 1.1 శాతం. విద్యార్థుల ఫీజు ఏడాదికి 9,250 పౌండ్లు. కొన్ని నెలలకే, 2018 ఫిబ్రవరిలో, పెన్షన్ల మీద దేశమంతా లెక్చరర్లు 14 రోజుల సమ్మె చేశారు. ఆ సమ్మెలో వీసీల జీతాల మాట రాని చోటు లేదు.

అదే ఊళ్లో ఇంకో యూనివర్సిటీ ఉంది, బాత్ స్పా, చాలా చిన్నది. అక్కడ వీసీ 2017లో దిగిపోతే ఆ ఆఖరి ఏడాది ఆవిడకి ముట్టింది మొత్తం 8,08,000 పౌండ్లు, అందులో 4,29,000 కేవలం పదవి పోయినందుకు పరిహారం. ఇది కూడా అకౌంట్స్‌లోనే ఉంది, ఎవరో దొంగతనంగా లీక్ చేసింది కాదు.

ఇక్కడ ఆగి ఒక్కటి ఆలోచించాలి. జీతం బహిరంగంగా పెడితే సిగ్గుపడి తగ్గించుకుంటారు అన్నది మనందరికీ తోచే లెక్క. కానీ పాతికేళ్లు ప్రింట్ చేసినా బ్రిటన్‌లో తగ్గలేదు, పెరిగాయి. ఎందుకు? మన దగ్గర పెళ్లి సంబంధాల్లో చూడండి, పక్కింటి ఇంజనీర్ అల్లుడికి ఎంత ఇచ్చారో ఊరంతా తెలిశాక రెండో ఇంటి ఇంజనీర్ పెళ్లికొడుకు రేటు తగ్గుతుందా? "వాడికే అంత ఇచ్చారు, మావాడు ఏం తక్కువ" అని మొదలవుతుంది. రెమ్యూనరేషన్ కమిటీల్లో జరిగేది కూడా అదే, కాకపోతే దానికి అక్కడ బెంచ్‌మార్కింగ్ అని మర్యాదైన పేరు.

అది ఎలా పని చేస్తుందో నేను ఊహించుకున్న లెక్క ఒకటి వేస్తాను. ఐదు యూనివర్సిటీలున్నాయి, వీసీల జీతాలు వేల పౌండ్లలో 200, 220, 240, 260, 280. సగటు 240. కింద ఉన్న ఇద్దరి కమిటీలూ కూర్చుని "మనది సగటు కంటే తక్కువ స్థాయి యూనివర్సిటీయా? కనీసం సగటైనా ఇవ్వకపోతే మంచివాళ్లు ఎలా వస్తారు" అని ఇద్దరినీ 240కి తెచ్చాయి. న్యాయంగానే అనిపిస్తుంది. ఇప్పుడు సగటు ఎంత? 252. అంటే నిన్నటిదాకా కరెక్ట్‌గా సగటులో ఉన్న మూడో ఆయన కూడా ఇవాళ వెనకబడ్డాడు. వచ్చే ఏడాది ఈ ముగ్గురినీ 252కి తెస్తే సగటు 259 దాటుతుంది. ఇందులో అత్యాశపడ్డవాడు ఒక్కడూ లేడు, ఎవడూ టాప్ కావాలని అడగలేదు, అందరూ "సగటు చాలు" అన్నవాళ్లే, అయినా మొత్తం పైకి పోతూనే ఉంటుంది. ఇక ఎవరో ఒకరు "మేం టాప్ పాతిక శాతంలో ఉండాలి" అంటే చెప్పేదేముంది. ఈ ఆట ఆడాలంటే కావాల్సింది ఒకటే, మిగతావాళ్ల జీతాలు తెలియాలి. ఆ పని బహిరంగంగా పెట్టిన లిస్టే చేసి పెడుతుంది!

అంటే లిస్టులు పెట్టొద్దనా? కాదు. అంకె ఒక్కటే పెడితే అది పక్క యూనివర్సిటీ వీసీకి పనికొచ్చినంతగా ఫీజు కట్టే వాడికి పనికిరాదు అని మాత్రమే నేననేది. అంకెతో పాటు కారణం, కారణంతో పాటు సంతకం పెట్టినవాళ్లు, వీళ్లతో పాటు కింద ఉన్నవాళ్ల జీతం, ఇవన్నీ ఒకే పేజీలో పడితేనే దానికి పదును.

బాత్ గొడవ తర్వాత ఇంగ్లండ్ చేసింది కొంతవరకు అదే. 2017 చట్టంతో హెఫ్సీ పోయి 2018లో ఆఫీస్ ఫర్ స్టూడెంట్స్ అని కొత్త రెగ్యులేటర్ వచ్చింది. అప్పటి యూనివర్సిటీల మంత్రి జో జాన్సన్ లక్షన్నర పౌండ్లు దాటి ఇచ్చే ప్రతి జీతానికీ యూనివర్సిటీలు సమాధానం చెప్పుకోవాలన్నాడు (ప్రధాని జీతం కాబట్టి ఆ గీత). 2018 జూన్‌లో యూనివర్సిటీ పాలకమండళ్ల చైర్మన్ల సంఘం తమంతట తామే ఒక కోడ్ రాసుకుంది, అందులో ముఖ్యమైన వాక్యం వీసీ రెమ్యూనరేషన్ కమిటీలో సభ్యుడు కాకూడదు అని. ఇంత మామూలు విషయం రాసుకోవడానికి 2018 దాకా ఆగాల్సి వచ్చింది.

ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఏ యూనివర్సిటీ అయినా సరే, వెబ్‌సైట్లో ఫైనాన్షియల్ స్టేట్‌మెంట్స్ అని పీడీఎఫ్ దించుకుని, వెనకాల నోట్స్‌లో స్టాఫ్ కాస్ట్స్ అన్న నోట్ దగ్గరికి వెళ్తే వరసగా కనపడతాయి. వీసీ బేసిక్ జీతం, బోనస్, పెన్షన్‌కి యూనివర్సిటీ కట్టింది లేదా పెన్షన్ వద్దంటే దాని బదులు చేతికి ఇచ్చింది, ఇల్లు కారు లాంటి వాటి విలువ, అన్నీ విడివిడిగా. దాని కింద ఎందుకు ఇంత ఇస్తున్నామో ఒకటి రెండు పేరాల వివరణ. తర్వాత వీసీ జీతం మిగతా సిబ్బంది మీడియన్ జీతానికి (అందరినీ జీతం వరసలో నిలబెడితే సరిగ్గా మధ్యలో ఉన్నవాడి జీతానికి) ఎన్ని రెట్లు అన్నది, బేసిక్‌కి ఒకటి, మొత్తం ప్యాకేజీకి ఒకటి, రెండు అంకెలు. ఆ తర్వాత లక్ష పౌండ్ల బేసిక్ దాటినవాళ్లు ఎంతమంది ఉన్నారో 5 వేల పౌండ్ల మెట్లుగా టేబుల్: 1,00,000 నుంచి 1,04,999 మధ్య ఇంతమంది, 1,05,000 నుంచి 1,09,999 మధ్య ఇంతమంది, అలా పైదాకా. పేర్లు ఉండవు, వీసీ పేరు తప్ప. చివర్లో ఉద్యోగం వదిలేసినందుకు ఎంతమందికి మొత్తం ఎంత పరిహారం ఇచ్చారో కూడా ఉంటుంది.

చదవడం తెలిస్తే ఈ పేజీ చాలా చెప్తుంది, తెలియకపోతే తప్పుదారి కూడా పట్టిస్తుంది. ఆ వివరణ పేరాలు మొదటిసారి చదివితే ఘనంగా ఉంటాయి, నాలుగు యూనివర్సిటీలవి పక్కపక్కన పెట్టి చదివితే అంతా ఒకే అచ్చు: "క్లిష్టమైన సంస్థ, అంతర్జాతీయ పోటీ, పోల్చదగ్గ సంస్థల జీతాలు పరిశీలించాం" అని. ఆ పోల్చదగ్గ సంస్థలు ఏవో ఎవరు ఎంచారు అన్నదే అసలు ప్రశ్న, దానికి జవాబు చాలా చోట్ల దొరకదు. లక్ష దాటినవాళ్ల టేబుల్ పొడుగ్గా ఉందని తిట్టుకునే ముందు ఆ యూనివర్సిటీకి మెడికల్ స్కూల్ ఉందేమో చూడాలి, డాక్టర్ ప్రొఫెసర్ల జీతాలు ఆసుపత్రి స్కేళ్లకి దగ్గరగా ఉంటాయి కాబట్టి అక్కడ లిస్టు సహజంగానే పొడుగు. ఇక రెట్ల లెక్క ఉంది చూశారూ, దాన్ని మార్చడం మహా తేలిక. వీసీకి 3 లక్షల పౌండ్లు, మీడియన్ 37,500 అనుకోండి, 8 రెట్లు. క్లీనింగ్, క్యాంటీన్, సెక్యూరిటీ వాళ్లని కాంట్రాక్టర్‌కి అప్పజెప్పేస్తే తక్కువ జీతాలవాళ్లు యూనివర్సిటీ పేరోల్ నుంచి మాయం, మీడియన్ పైకి లేస్తుంది, వీసీ జీతం పైసా తగ్గకుండానే రెట్లు తగ్గుతాయి. పేపర్ మీద సమానత్వం పెరిగినట్టే!

ఇది మనకెందుకు అంటే, 2022-23లో బ్రిటన్ యూనివర్సిటీల్లో విదేశీ విద్యార్థుల సంఖ్యలో ఇండియా చైనాని దాటేసింది, అందులో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉంటారో హైదరాబాద్, విజయవాడ, గుంటూరు కన్సల్టెన్సీల బోర్డులు చూస్తే అర్థమవుతుంది. అక్కడి పిల్లల ఫీజుకి ప్రభుత్వం గీసిన గీత ఉంది, మనవాళ్ల ఫీజుకి ఏ గీతా లేదు. ఇల్లు తాకట్టు పెట్టి 20 వేల పౌండ్లు ఒక ఏడాది ఎంఎస్సీకి కట్టేవాడు ర్యాంకింగ్ చూస్తాడు, పార్ట్ టైమ్ జాబ్ దొరుకుతుందా అని చూస్తాడు, ఈ పీడీఎఫ్ మాత్రం తెరవడు. తెరిస్తే జీతాలే కాదు, ఆ యూనివర్సిటీ లాభంలో ఉందా, ఎంతమందిని తీసేసింది, ఆదాయంలో విదేశీ ఫీజు ఎంత అన్నవి కూడా అక్కడే ఉంటాయి.

ఇప్పుడు ఇంకో దారి పట్టిన చోటు చూద్దాం. కెనడాలో ఒంటారియో రాష్ట్రం. అక్కడ మెట్లూ టేబుళ్లూ ఏం లేవు, డైరెక్టుగా పేర్లే. 1996లో మైక్ హారిస్ కన్సర్వేటివ్ ప్రభుత్వం చట్టం తెచ్చింది, ప్రభుత్వ డబ్బుతో నడిచే సంస్థల్లో ఏడాదికి లక్ష డాలర్లు, ఆ పైన తీసుకునే ప్రతి ఒక్కరి పేరు, హోదా, సంస్థ, జీతం, పన్ను పడే అలవెన్సులు ఏటా మార్చి 31 లోపల ప్రచురించాలి. జనం దీన్ని సన్‌షైన్ లిస్ట్ అంటారు. టొరంటో, వాటర్లూ, మెక్‌మాస్టర్, అన్ని యూనివర్సిటీలూ ఇందులోనే. బ్రాంప్టన్‌లోనో మిస్సిసాగాలోనో ఉన్న మన తెలుగాయన తన పిల్లకి లెక్కలు చెప్పే ప్రొఫెసర్ జీతం ఫోన్లో పేరు కొట్టి చూసుకోవచ్చు.

మొదటి లిస్టులో పేర్లు 5 వేల లోపే. ఇప్పుడు 3 లక్షలు ఎప్పుడో దాటిపోయాయి. అందరూ కోటీశ్వరులైపోయారా అంటే కాదు, 1996లో పెట్టిన లక్ష గీత ఇవాల్టికీ లక్షే, ధరలతో పాటు పెంచలేదు. అప్పటి లక్ష ఇప్పుడు దాదాపు లక్షా 80 వేలకి సమానం. పెద్ద జీతాల మీద వెలుగు పడాలని పెట్టిన లిస్టులో ఇప్పుడు స్కూల్ టీచర్లు, నర్సులు, పోలీసులు, మామూలు ప్రొఫెసర్లు నిండిపోయారు, యూనివర్సిటీ ప్రెసిడెంట్ ఆ జనసముద్రంలో హాయిగా కలిసిపోయాడు. పెంచమంటే ఏ పార్టీకీ ధైర్యం లేదు, "జీతాలు దాస్తున్నారు" అంటారని భయం.

ఇంత తిట్టాక ఒక మంచి కూడా చెప్పాలి, ఎందుకంటే అది నిజంగా బలమైన సాక్ష్యం. కెనడాలో ఈ చట్టాలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ఏడాది వచ్చాయి, దాన్ని వాడుకుని ఐదుగురు ఆర్థికవేత్తలు యూనివర్సిటీ అధ్యాపకుల జీతాలు లెక్కగట్టి చూస్తే, లిస్టు వచ్చిన చోట మగ ఆడ ప్రొఫెసర్ల జీతాల మధ్య తేడా 20 నుంచి 40 శాతం దాకా తగ్గింది. ఇది ఎలా జరిగిందో ఊహించడం కష్టం కాదు. ఒకే డిపార్ట్‌మెంట్, ఒకే సీనియారిటీ, పక్క రూమ్ ఆయనకి 15 వేలు ఎక్కువ అని తెలియనంతకాలం ఏ మేడమ్ అయినా ఏమని అడుగుతుంది? తెలిశాక లిస్టు ప్రింట్ తీసుకుని డీన్ దగ్గరికి వెళ్తుంది. అంటే లిస్టు పైవాడి జీతం తగ్గించలేకపోయినా మధ్యలో ఉన్నవాళ్లకి బేరమాడే బలం ఇచ్చింది. చట్టం తెచ్చినప్పుడు గట్టిగా వినపడింది పన్ను కట్టేవాళ్ల కోపం, బాగుపడింది మాత్రం మహిళా ప్రొఫెసర్లు.

దీనికి అమెరికా నుంచి ఒక చేదు తోకుంది. 2008లో కాలిఫోర్నియాలో శాక్రమెంటో బీ పత్రిక ప్రభుత్వోద్యోగుల జీతాలన్నీ వెబ్‌సైట్లో పెట్టేసింది, కాలిఫోర్నియా యూనివర్సిటీ ఉద్యోగులతో సహా. కొందరు ఎకనామిస్టులు తెలివిగా మూడు క్యాంపస్‌లలో కొంతమంది ఉద్యోగులకి మాత్రం "ఇలాంటి సైట్ ఒకటుంది చూశారా" అని ఈమెయిల్ పెట్టి, తర్వాత అందరినీ సర్వే చేశారు. తమ డిపార్ట్‌మెంట్‌లో మీడియన్ కంటే తక్కువ తీసుకుంటున్నవాళ్లకి ఉద్యోగం మీద అసంతృప్తి పెరిగింది, వేరే ఉద్యోగం వెతుక్కుందాం అనేవాళ్లు పెరిగారు. మరి ఎక్కువ తీసుకుంటున్నవాళ్లు సంతోషపడ్డారా అంటే అదీ లేదు, వాళ్లలో మార్పే లేదు. అంటే తెలియడం వల్ల కిందవాడికి మంట, పైవాడికి ఏమీ కాదు. ఇది లిస్టు తప్పా, లిస్టులో ఉన్న తేడాల తప్పా అంటే నేను రెండోదే అంటాను, కానీ యాజమాన్యాలు ఈ స్టడీని మొదటిదానికి సాక్ష్యంగా చూపిస్తాయి.

పేరుతో సహా పెట్టాలా, హోదాతో ఆపాలా అన్న చర్చ మనవాళ్లకి కొత్తేం కాదు. అమెరికాలో ఉన్న తెలుగు సాఫ్ట్‌వేర్ జనం హెచ్1బీ కోసం కంపెనీలు వేసే ఎల్‌సీఏ (లేబర్ కండిషన్ అప్లికేషన్) డేటా ఎంత శ్రద్ధగా చూస్తారో తెలిసిందే, కంపెనీ, ఊరు, ఉద్యోగం పేరు, జీతం అన్నీ ఉంటాయి, మనిషి పేరు ఉండదు. అయినా "ఆ టీమ్‌లో ఆ టైటిల్ వాడు ఒక్కడే కదా" అని పట్టేస్తారు. వీసీ విషయంలో ఆ ఇబ్బందే లేదు, యూనివర్సిటీకి ఒక్కడే వీసీ. నా మటుకు పైన పదిమందికి పేర్లు, మిగతావాళ్లకి మెట్లు చాలు. ఒక డిపార్ట్‌మెంట్ క్లర్కు జీతం ఊరంతా చూడాల్సిన అవసరం ఏముంది.

విచిత్రం ఏంటంటే, కాగితం మీద చూస్తే వీళ్లందరికంటే గట్టి చట్టం మనదే. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(బి), అందులో పదో అంశం: ప్రతి ప్రభుత్వ సంస్థ తన ఒక్కొక్క అధికారి, ఉద్యోగి నెల జీతం ఎంతో ఎవరూ అడగకుండానే ప్రచురించాలి. లక్ష గీతా లేదు, మెట్లూ లేవు, అటెండర్ నుంచి వీసీ దాకా అందరిదీ. ఆ సెక్షన్ కింద ప్రచురించాల్సిన 17 అంశాలనీ కలిపి ఆఫీసుల్లో 17 మాన్యువల్స్ అంటారు. ఉస్మానియా అయినా, ఆంధ్రా యూనివర్సిటీ అయినా, ఎస్వీ అయినా, హెచ్‌సీయూ అయినా అందరికీ ఇదే రూల్. అమలు సంగతి మీకు తెలియంది కాదు, చాలా సైట్లలో ఆ లింకు నొక్కితే ఎప్పటిదో స్కాన్ చేసిన కాగితం వస్తుంది, రిటైరైన వాళ్ల పేర్లతో సహా.

కానీ మన ప్రభుత్వ యూనివర్సిటీల్లో వీసీ జీతం రహస్యమూ కాదు, పెద్ద వింతా కాదు. ఏడో పే కమిషన్ తర్వాత యూజీసీ స్కేళ్లలో వీసీకి ఫిక్స్‌డ్‌గా నెలకి 2,10,000, ప్రత్యేక అలవెన్స్ 11,250, డీఏ అదనం. కేంద్రంలో సెక్రటరీ బేసిక్ 2,25,000, దానికి ఒక మెట్టు కింద. అసిస్టెంట్ ప్రొఫెసర్ మొదలయ్యేది 57,700 దగ్గర, అంటే తేడా నాలుగు రెట్లు కూడా లేదు. బ్రిటన్ వాళ్లు వింటే ముక్కున వేలేసుకుంటారు. ఏ రెమ్యూనరేషన్ కమిటీ లేదు, బెంచ్‌మార్కింగ్ లేదు, బోనస్ లేదు.

అయితే మన లెక్కలో కనపడనిది జీతం కాదు. రెగ్యులర్ పోస్టులు ఖాళీగా పెట్టి కాంట్రాక్టు, పార్ట్ టైమ్, గెస్ట్ వాళ్లతో పాఠాలు నడిపించడం మన రెండు రాష్ట్రాల యూనివర్సిటీల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న కథ. గెస్ట్ ఫ్యాకల్టీకి యూజీసీ 2019లో చెప్పింది క్లాసుకి 1,500, నెలకి 50 వేలు మించకుండా. అది గరిష్ఠం, అంత ఇవ్వాలని కాదు. సెలవుల్లో క్లాసు లేదు, కాబట్టి డబ్బులూ లేవు. రెట్ల లెక్క వేయాలంటే వీళ్లని కలిపి వేయాలి, కానీ ఆ మాన్యువల్స్ లిస్టులో వీళ్లు చాలాసార్లు ఉండరు, బ్రిటన్‌లో కాంట్రాక్టర్‌కి పోయిన క్లీనర్ లాగే. వీసీ బంగళా, కార్లు, మీటింగుల ఖర్చు కూడా ఆ జీతం కాలమ్‌లో పడవు. వాటికోసం విడిగా ఆర్టీఐ వేయాలి, వేస్తే వ్యక్తిగత సమాచారం అనే సెక్షన్ 8(1)(జె) అడ్డొస్తుంది. ఇన్నాళ్లూ ఆ సెక్షన్లోనే "ప్రజా ప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చు" అన్న మాట ఉండేది, 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం దాన్ని కత్తిరించి వ్యక్తిగత సమాచారం అయితే చాలు మినహాయింపే అన్నట్టు మార్చింది. సెక్షన్ 8(2)లో ప్రజా ప్రయోజనం మాట ఇంకా మిగిలే ఉంది, కానీ ఇవ్వడం ఇష్టం లేని ఆఫీసర్‌కి ఇప్పుడు తప్పించుకోవడం ఇంతకుముందు కంటే తేలిక.

ప్రైవేటు వైపు వెళ్తే ఈ వెలుతురు కూడా ఉండదు. అమెరికాలో హార్వర్డ్ అయినా, స్టాన్‌ఫోర్డ్ అయినా లాభాపేక్ష లేని సంస్థగా పన్ను మినహాయింపు కావాలంటే ఏటా ఫారమ్ 990 వేయాలి, అందులో పెద్దల జీతాలు, వాళ్లు కాక ఎక్కువ తీసుకునే ఐదుగురి జీతాలు పేర్లతో ఉంటాయి, ఆ ఫారమ్ ఎవరైనా చూడొచ్చు. నీకు పన్ను వదిలేశాం కాబట్టి లెక్క జనానికి చూపించు అన్నది అక్కడి బేరం. మన దగ్గర కూడా ప్రైవేటు కాలేజీలు, యూనివర్సిటీలు నడిపేది ట్రస్టులు, సొసైటీలే, వాటికీ పన్ను మినహాయింపు ఉంది. ట్రస్టు పెట్టినవాళ్లకీ, వాళ్ల బంధువులకీ జీతం పేరుతో ఎంత ఇచ్చారో ఆడిటర్ రిపోర్టులో చూపించాలి, న్యాయమైన జీతం దాటితే మినహాయింపుకే ఎసరు. కానీ ఆ రిపోర్టు ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకి మాత్రమే వెళ్తుంది. చైర్మన్ గారు, సెక్రటరీగా వాళ్లబ్బాయి, డైరెక్టర్‌గా కోడలు, ఇలా కుటుంబమంతా ఉన్న సంస్థలు మనకి కొత్తా? వాళ్ల జీతాలెంతో ఫీజు కట్టే నాన్నకి తెలిసే దారి లేదు.

ఇందులో నాకు అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది ఫీజుల కమిటీ దగ్గర. తెలంగాణలో టీఏఎఫ్‌ఆర్‌సీ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల ఫీజు మూడేళ్ల బ్లాక్‌కి ఒకసారి ఫిక్స్ చేస్తుంది, దేని ఆధారంగా అంటే కాలేజీలు ఇచ్చే ఆడిటెడ్ ఆదాయ వ్యయాల ఆధారంగా, ఆ ఖర్చుల్లో పెద్ద ముక్క జీతాలు. (డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలు దీని కిందికే రావు.) బ్యాంకులో పూర్తి జీతం వేసినట్టు చూపించి కొంత క్యాష్‌గా వెనక్కి తీసుకుంటారన్న ఫిర్యాదు లెక్చరర్ల నోట వినని ఊరు లేదు. అది నిజమైన చోట విద్యార్థి కట్టే ఫీజు లెక్చరర్‌కి చేరని జీతం మీద లెక్కగట్టినట్టే. ఆ స్టేట్‌మెంట్లు కమిటీ దగ్గర ఫైళ్లలో ఉంటాయి. ఒక్కో కాలేజీది స్కాన్ చేసి సైట్లో పెడితే చాలు, పైన ఉన్న ఐదుగురి జీతం, లెక్చరర్ల మీడియన్, మొత్తం లెక్చరర్ల సంఖ్య అంతే, పేర్లు కూడా అక్కర్లేదు. తప్పు ఎక్కడుందో పట్టుకోవడానికి ఆడిటర్ అక్కర్లేదు, ఆ కాలేజీ లెక్చరర్లే "మాకు వచ్చేది ఇంత కాదే" అని సాయంత్రానికల్లా చెప్పేస్తారు.